దసరా రద్దీలో బెజవాడ: బండి నిలుపు చోటు, మనము నిలుచు చోటు

కొండపల్లిలో కాపురముండువారికి దసరా నవరాత్రులలో మూలా నక్షత్రము వచ్చినదని తెలియుటకు పంచాంగము చూడ నక్కఱలేదు. హైదరాబాదునుండి విశాఖపట్టణము పోవలసిన సరుకు లారీలు ఆనాడు బెజవాడలో అడుగుపెట్టక, ఇబ్రహీంపట్టణముకడ మలగి, మా యూరిమీదుగా జి. కొండూరు, మైలవరము, నూజివీడు దాటి హనుమాను జంక్షను చేరుకొనును. చెన్నైనుండి విశాఖ పోవు లారీలు ఒంగోలు, బాపట్ల, రేపల్లె, అవనిగడ్డ, పామఱ్ఱు చుట్టి వచ్చును. ఇట్లు దారి మళ్లించుట కొన్నియేండ్లుగా పోలీసువారి వాడుక. పొణికిచెక్క బొమ్మలకు రంగులు వేసి యరుగులపై ఆరబెట్టుకొన్నవారు ఆ దుమ్మునకు గొణుగుకొనుచు బొమ్మలను లోపలికి తీసికొందురు. గొణుగుటలో తప్పు లేదు. అయినను ఆ లారీలు ఇటు రానిచో అవి పోవలసిన దారి అమ్మవారి కొండ పాదముప్రక్కనుండియే గదా!

ఇంద్రకీలాద్రిపై రద్దీ యనగా మనకు కొండమీది బారులే మనసున మెదలును. నిజమునకు ఆ రద్దీ పుట్టునది కొండమీద గాదు. ఇరువది ముప్పది కిలోమీటర్ల దూరమున, ఏ బండి యెచ్చట ఆగవలయునో నిర్ణయించిన చోట అది పుట్టును. ఇంకను చెప్పవలసివచ్చినచో మన యిండ్లలో, "ఏ దినమున పోవుదము? దేనిలో పోవుదము?" అని మాటలాడుకొను వంటయింటి గడపలో పుట్టును. కావుననే ఈ విషయము పోలీసువారికిని పురపాలకులకును మాత్రమే చెందినది కాదని తలచి, గృహిణుల పత్రికలో వ్రాయుచున్నాను.

మొదట ఆ పాతపట్టణపు నెలవు ఎట్టిదో గమనింపవలయును. వన్‌టౌనని వాడుకలోనున్న ఆ భాగమునకు ఒకవైపున కొండ, మఱియొకవైపున కృష్ణ. తక్కిన దిక్కుల కాలువలు, రైలుపట్టాలు. 1852 మొదలు 1855 వఱకు కట్టిన ఆనకట్టయు, దాని బదులుగా 1957లో పూర్తియైన ప్రకాశము బారేజియు డెల్టాకు అన్నము పెట్టినవి. అయితే ఆ నీటిని మోసికొనిపోవు ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవిసు కాలువ పట్టణమును ముక్కలుగా కోసినవి. ఒక పేటనుండి మఱియొక పేటకు పోవలెనన్న ఏదో యొక వంతెన నెక్కవలెను, లేదా రైలుపట్టాలక్రింద దూరిపోవలెను. కాళేశ్వరరావు మార్కెట్టు, వస్త్రలత, వాని చుట్టునున్న బట్టల కొట్లు, కిరాణా కొట్లు అన్నియు ఈ యిఱుకులోనివే. ఇట్టి చోట ఒక కారు అడ్డముగా నిలిచినచో ఆ బిగువు నాలుగు వీథులు పాకును.

2020 అక్టోబరు వఱకు హైదరాబాదు రాజమార్గము కొండ పాదమునుండియే పోయెడిది. పసుపు కుంకుమల పళ్లెము పట్టుకొని నడచు ముత్తైదువును, ఇనుము నింపిన లారీయు ఒకే దారిని పంచుకొనిరి. ఆ నెల 16వ తేదీన ఆఱు వరుసల కనకదుర్గ వంతెన తెఱువబడి దూరప్రయాణపు బండ్లు మీదికెక్కినవి. అది గొప్ప మేలే. కాని ఐదు దినములు తిరుగకమున్నే, 21వ తేదీన, సరిగా మూలా నక్షత్రమునాడే, కొండచఱియ విఱిగి క్రిందికి జాఱినది. కొందఱు గాయపడిరి, దైవకృపచే ప్రాణహాని కలుగలేదు. కొండ క్రింద జనమును నిలుపునపుడు పైనున్న రాతినికూడ చూడవలెనని ఆనాడు తెలిసినది.

ఇక చెప్పుటకు కష్టమైన మాట. ఈ పది యేండ్లలో మన తెలుగునాట తొక్కిసలాటలలో మరణించినవారిని తలచికొనుడు. 2015 జూలై 14వ తేదీన గోదావరి పుష్కరముల తొలినాడు రాజమహేంద్రవరమున 27 మందికి తక్కువ గాకుండ ప్రాణములు గోల్పోయిరి. వారిలో అధికులు స్త్రీలు. 2023 జనవరి 1న గుంటూరులో పండుగ కానుకలు పంచు సభయొద్ద ముగ్గురు మరణించిరి, ముగ్గురును స్త్రీలే. 2024 డిసెంబరు 4న హైదరాబాదు నగరమధ్యమున ఒక సినిమాహాలు వాకిట ఒక తల్లి ప్రాణము పోయినది. ఆమె కుమారుడు అపాయస్థితికి చేరెను. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ఏకాదశి టోకెన్లకొఱకు నిలిచినవారిలో ఆర్గురు, ఆ నవంబరు 1న కార్తిక ఏకాదశినాడు కాశీబుగ్గ వేంకటేశ్వరాలయపు మెట్లమీద తొమ్మండ్రు మరణించిరి. ఈ రెండు చోటులనుగూడ అత్యధికులు స్త్రీలే. ఇందులో వింత యేమున్నది? నోములు నోచువారము మనము, చంకన బిడ్డతో పోవువారము మనము, ముసలి అత్తగారి చేయి పట్టుకొని నడచువారమును మనమే.

తొక్కిసలాట యను పేరులోనే ఒక పొరపాటున్నది. కాళ్లక్రింద పడి నలిగినవారికంటె, నిలుచున్నచోటనే రొమ్ము అదుముకొనిపోయి ఊపిరాడక మరణించినవారే పెక్కండ్రని ఈ విషయమును పరిశోధించిన శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దీనిని మన యింటి కొలతతో తెలిసికొనవచ్చును. చీర పన్నా యెంత వెడల్పో అంత పొడవునకు మడిచి నేలపై పఱచినచో అది సుమారు ఒక చదరపు మీటరు చోటగును. అంతచోట ఇద్దఱు నిలిచిన సుఖముగా కదలవచ్చును. నలుగురైనచో జాగ్రత్త పడవలయును. ఆఱుగురు ఏడుగురైనచో ఎవరి కాలు వారి యధీనమున నుండదు. గుంపు నీరువలె అలలుగా కదలును, ఆ యలలో ఎంతటి బలశాలియైనను పుల్లవంటివాడే. అచ్చట "తోయవద్దు" అని యఱచి లాభము లేదు, తోయుచున్నవారు తాము తోయుచున్నామని యెఱుగరు. వెనుకనున్న వందలమంది ఒక్కొక్క అడుగు ముందుకు వేసిన చాలును.

మెట్లున్నచోట అపాయము మఱింత హెచ్చు. 1943 మార్చి 3వ తేదీ రాత్రి లండను నగరమున, బాంబుల భయముచే జనము బెత్నల్ గ్రీన్ అను భూగర్భ రైలుస్టేషనులోనికి దిగుచుండిరి. 19 మెట్లు, ఒక్కటే గ్రుడ్డిదీపము, నడుమ పట్టుకొనుటకు కంబీ లేదు. మెట్ల చివర బిడ్డతోనున్న యొక స్త్రీ కాలు జాఱి పడెను. ఆమెపై మఱియొకరు, వారిపై ఇంకొకరు. క్షణములలో 173 మంది మరణించిరి, అందు 62 మంది పిల్లలు. ఆ రాత్రి అచ్చట బాంబు పడనేలేదు. ఒక దీపము, ఒక కంబీ, మీదనుండి వచ్చువారిని ఆపుటకు ఒక మనిషి యుండినచో ఆ కథ వేరుగా నుండెడిది.

మీదనుండి వచ్చువారిని ఆపుట యనునది ఇందులో కీలకము. పెండ్లివారింట పంక్తి భోజనములు నడపిన పెద్దముత్తైదువకు ఈ విద్య పుస్తకములు చదువకయే తెలియును. ఆమె భోజనశాల వాకిట త్రొక్కులాడనీయదు. వచ్చినవారిని పందిటిలో కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఈ పంక్తి లేచినపిదప మీదే" యని చెప్పి, ఆకులు తీసి తుడిచినపిమ్మట ఎన్ని యాకులో అందఱినే లోనికి పిలుచును. బయటికి పోవుదారి వేరుగా నుంచును. డెల్టా రైతుకును ఇది తెలిసిన విద్యయే. లాకులవద్ద నీటిని నిలిపి వంతులవారీగా విడుతురు. ఒక్కసారి ఒక్క కాలువకు వదలినచో గట్టుకు గండి పడును. 2015లో రాజమహేంద్రవరమున ఇతర ఘాట్టులున్నను జనమంతయు తొలి ముహూర్తమునకు ఒక్క పుష్కరఘాట్టుననే చేరుట ఇట్టి గండియే. మఱుసటియేడు, 2016 ఆగస్టు 12 మొదలు 23 వఱకు, కృష్ణా పుష్కరములు వచ్చినపుడు బెజవాడలో ఆ పాఠమును మఱవలేదు. స్నానములను పెక్కు ఘాట్టులకు పంచిరి. ఊరి వెలుపల యాత్రికులు విశ్రమించుటకు పుష్కర నగరములని తావు లేర్పఱచిరి. మా కొండపల్లికిని బెజవాడకును నడుమనున్న రాయనపాడువంటి పొలిమేర స్టేషనులను యాత్రికులకొఱకు సిద్ధపఱచిరి. పండ్రెండు దినములు రాజమహేంద్రవరమువంటి ఘోరము జరుగకుండ గడచినవి. జరుగని విపత్తును ఎవరును గుర్తుంచుకొనరు. అందుచే ఆ పని చేసినవారికి రావలసినంత పేరు రాలేదని నా యభిప్రాయము.

ఒక చిన్న లెక్క వేసికొందము. ఒక మీటరు వెడల్పుగల దారిగుండ నిమిషమునకు చదునునేలపై 82 మందికిని, మెట్లపై 66 మందికిని మించి పోజాలరని బ్రిటిషువారి క్రీడాస్థలముల రక్షణగ్రంథము చెప్పుచున్నది. లక్షమంది ఒక మీటరు వెడల్పు మెట్లదారిని పోవలెనన్న ఎంత లేదన్నను 25 గంటలు పట్టును. దారులు నాలుగైనచో ఆఱు గంటలకు పైమాట. ఇంతలో అమ్మవారియెదుట అరనిమిషము నిలువవలెనని ఎవరికుండదు! కావున ముందున్నవారి వీపుపై చేయి వేసి నొక్కుటచే దర్శనము ఒక్క క్షణమైనను ముందుగా దొరకదు.

ఇక బండ్లమాట. కారు నిలుపుటకు పొడవున 5 మీటర్లు, వెడల్పున రెండున్నర మీటర్లు చోటు కావలయును. అది పండ్రెండున్నర చదరపు మీటర్లు. చదరమున కిద్దఱు చొప్పున అంతచోట 25 మంది సుఖముగా నిలువవచ్చును. కెనాలు రోడ్డున వినాయకుని గుడియొద్దనుండి దసరా బారులు మొదలగును. ఆ రోడ్డుప్రక్క పది కార్లు నిలిచినచో 250 మంది నిలువవలసిన చోటు పోయినదన్నమాట. ఆ 250 మందియు తక్కినవారిమీదికి ఒరుగుదురు. బండి నిలుపు చోటునకును మనము నిలుచు చోటునకును సంబంధ మిదియే. నలుగురు వచ్చిన కారు ఇర్వదియైదుగురి చోటును గంటలకొలది ఆక్రమించియుండగా, ఏబదిమందిని దింపిన బస్సు మఱునిమిషమున వెడలిపోవును.

ఈ తప్పు నేనును చేసినదానను. కొన్నియేండ్ల క్రిందట పొరుగూరినుండి వచ్చిన బంధువులతో కారులో బయలుదేరితిమి. ఊరివెలుపల బండ్లు నిలుపు మైదానమును చూపి కానిస్టేబులు చేయి యెత్తినను, "పెద్దవారున్నారు, కొంచెము దగ్గఱగా పోవుదము" అని నేనే పట్టుబట్టితిని. మార్కెట్టు ప్రక్క సందులో చిక్కుకొంటిమి. ముందు తోపుడుబండి, వెనుక ఆటోలు. రెండు గంటలు కదలలేదు. ఆ నడుమ వెనుకనెక్కడనో ఆంబులెన్సు కూత వినవచ్చి, చాలసేపు ఒకేచోట వినవచ్చి, పిదప ఆగిపోయినది. అది మఱియొక దారిని పోయినదో, మఱేమైనదో నేటికిని నాకు తెలియదు. మా పెద్దవారు దర్శనము లేకయే తిరిగివచ్చిరి. "మైదానమున దిగి బస్సెక్కియుండిన ఈపాటికి ప్రసాదము చేతికి వచ్చియుండును గదమ్మా" అని మా అత్తగారు ఒక్కమాట మాత్రమన్నది.

సిఫారసు చీటీల సంగతి యిట్టిదే. ఎవరో తెలిసిన యధికారిద్వారా పాసు సంపాదించి కొండపైవఱకు కారులో పోవుటను మనలో కొందఱు గౌరవముగా నెంచుచున్నారు. ఘాటురోడ్డుపై అట్టి కారొకటి పోవునపుడెల్ల బారు ఆగును. ఆగిన బారు చిక్కనగును. నడువలేని వృద్ధులకును, వికలాంగులకును, నిండుచూలాండ్రకును బండి పోవలసినదే. తక్కినవారు పాసు జూపి దాటిపోవునపుడు, కంచె కావల చంటిబిడ్డతో తెల్లవాఱుజామునుండి నిలిచియున్న తల్లి ముఖము ఒకసారి చూడవలెనని నా కోరిక.

ఇంటినుండి బయలుదేరుటకు ముందు చేయదగిన పనులు కొన్ని యున్నవి. సరస్వతీ అలంకారము చూడవలెనని మూలా నక్షత్రమునాడే లక్షలకొలది జనము వత్తురు. ముఖ్యమంత్రి పట్టువస్త్రములు సమర్పించుటయు ఆనాడే వాడుక. విద్యార్థియైన పిల్లవానికి ఆనాటి దర్శనము తప్పదనుకొన్నచో అతనిని మాత్రము పెద్దవారి వెంట పంపుడు. ఇల్లిల్లంతయు కదలుట యెందులకు? తక్కినవారికి వేఱొక దినమున అదే తల్లి దర్శనమిచ్చును. మూడేండ్లలోపు బిడ్డలను, ఆయాసము గలవారిని ఆ దినమున తీసికొనిపోవుట సాహసము. మడమలు దాటి జీఱాడు పట్టుపావడ మెట్లమీద శత్రువు. ఆడుపిల్లలకు పొట్టి పావడయో, సల్వారు కమీజో మేలు. బిడ్డ జేబులో ఫోను నంబరు వ్రాసిన కాగితముంచుడు. పోలీసువారు పిల్లల చేతికి కట్టు పట్టీలను "మావాడు తప్పిపోడు" అని త్రోసిపుచ్చవలదు. లక్షమంది యొక్కచోట చేరినచో సెల్‌ఫోను మూగవోవును. కావున విడిపోయినచో ఎచ్చట కలిసికొనవలెనో ముందే ఒక గుర్తు పెట్టుకొనుడు. గుడివాకిలి మాత్రము వద్దు, ఏ బస్టాండువంటి విశాలమైన చోటైనను సరే. ఆపదలో పిలువవలసిన సంఖ్య 112, తప్పిపోయిన బిడ్డలకు 1098.

గుంపు బిగిసినపుడు రెండు చేతులను రొమ్మునకు ముందు మడిచి, బాక్సింగువానివలె నుంచి, ఊపిరికి చోటు కాపాడుకొనవలయును. జాఱిన చెప్పుకొఱకు, పడిన గొలుసుకొఱకైనను వంగరాదు. బిడ్డను చంకనుండి తీసి ఎత్తుగా భుజమున కెత్తుకొనుడు. అలకు ఎదురు నిలువక దానితో పోవుచు, కొంచెము కొంచెముగా ప్రక్కకు జరుగుడు. కాని గోడకో కంచెకో ఆనుకొనియుండవలదు, ఒత్తిడియంతయు అచ్చటనే చేరును.

ఆడువారి యిబ్బందిని గూర్చి సభలలో ఎవరును నోరు మెదపని సంగతి యొకటి యున్నది. బారులో మఱుగుదొడ్డి దొరకదను భయమున మనలో అనేకులు ముందురాత్రినుండియే నీళ్లు త్రాగుట మానుదురు. ఉపవాసమొకటి, దాహమొకటి, ఎండ యొకటి. మూడును కలిసి సొమ్మసిల్లి పడుదురు. బారు నడుమ ఒకరు పడుటయే విపత్తునకు మొదలని బెత్నల్ గ్రీన్ కథ చెప్పుచున్నది. కావున మఱుగుదొడ్డి సౌకర్యము కాదు, రక్షణ. ఎన్ని గజముల కొకటి, ఎంత శుభ్రముగా, బారు తప్పకుండ పోయి తిరిగివచ్చు వీలు ఎట్లు అని ఏర్పాట్ల సమావేశములలో అడుగుటకు స్త్రీలుండవలయును. పాలిచ్చు తల్లులకు నీడ, నడుమ నడుమ బారునుండి బయటపడు వాకిళ్లు, "ఇచ్చటినుండి దర్శనమునకు మూడు గంటలు" అని నిజము చెప్పు పలకలు అడుగవలసినవే. ఎంతసేపు పట్టునో తెలిసిన జనము ఓపికగా నుందురు. తెలియని జనమే త్రొక్కులాడుదురు.

బీసెంటు రోడ్డు అంగళ్ల విషయమున నా మాట కొందఱకు రుచింపకపోవచ్చును. పండుగ రద్దీ రాగానే తోపుడుబండ్లవారిని వెడలగొట్టుటయే ఉపాయమని అందురు. గాజులు, పూలు, రవికెగుడ్డలు అమ్ము ఆ స్త్రీలకు ఆ పది దినముల బేరమే ఏడాది యాధారము. మనము కొనునదియు వారివద్దనే. 2014నాటి వీథివర్తకుల చట్టము పట్టణ కమిటీలలో వర్తకుల ప్రతినిధులు నూటికి 40కి తగ్గరాదనియు, వారిలో మూడవవంతు స్త్రీలుండవలెననియు విధించినది. గీతగీసి చోటు చూపినచో వారు దారి విడిచి కూర్చుందురు. నా చూపునకు ఆ వీథికి అడ్డు గాజుల బుట్ట గాదు, దానిముందు "ఒక్క నిమిషమే" యని నిలిపిన స్కూటరు.

2025లో దసరా పదునొకండు దినములు సాగినది, సెప్టెంబరు 22 మొదలు అక్టోబరు 2 వఱకు. అదేసమయమున విజయవాడ ఉత్సవమను పేర పున్నమి ఘాట్టు మొదలైన చోట్ల పాటలు, ప్రదర్శనములు జరిపిరి. వేడుకలు ఒక్కచోట గాక పలుచోట్లకు పంచుట మంచిదే. అయితే దర్శనపు జనము దిగివచ్చువేళయు, కచేరీ జనము కదలివచ్చువేళయు ఒకటి కాకుండ చూడవలెను. నది ఉధృతముగా నున్న యేడులలో అమ్మవారి హంసవాహనము నీటిలో విహరింపక గట్టునొద్దనే నిలిచి పూజలందుకొన్నది. జగన్మాతయే ప్రవాహమును చూచి ఆగినపుడు మన కారు మైదానమున ఆగుటకు చిన్నతన మెందులకు?

2027లో గోదావరికిని, 2028లో కృష్ణకును పుష్కరములు రానున్నవి. ఏర్పాట్లు కాగితముపై నుండగనే మన మహిళాసంఘములు జిల్లా కలెక్టరుకు అర్జీ పెట్టుకొనుట మంచిది. కంచెలు పాతినపిదప చెప్పిన మాట ఎవరి చెవిని పడదు.

మా యింట ఈ యేటి దసరాకు ఏర్పాటు కుదిరినది. మూలా నక్షత్రము విడిచి, జనము పలుచగా నుండు మఱియొక దినమున కొండపల్లి స్టేషనులో రైలెక్కి బెజవాడలో దిగి, అచ్చటినుండి కొండవఱకు నడచెదము. కారు వాకిటనే యుండును. మూలా నక్షత్రమునాడు మాత్రము ఎవరో యొకరు వీథి యరుగుపై కూర్చుండవలెను. ఆ లారీలు పోవుచున్నంతసేపు పిల్లలు రోడ్డు దాటకుండ చూచుకొనవలసియున్నది.